బూడిద కింది ఊరు, నీటి కింది ఊరు

జనవరి 11, 1982, సోమవారం

నిన్న చలి మైనస్ ఇరవై ఆరుకి దిగిందని రేడియోలో చెప్పారు. నాకు సెలవు కాబట్టి బతికిపోయాను. ఇవాళ అరోరా స్టేషన్‌లో రైలు కోసం పావుగంట నిలబడేసరికి కాళ్ళు మొద్దుబారాయి. షికాగోలో దిగాక కూడా చాలా దూరం అవి నా కాళ్ళు కానట్టే నడిచాను.

మ్యూజియంలో కొత్త ప్రదర్శన కోసం పెట్టెలు విప్పుతున్నారు. పాంపే అట. ఇటలీలో రోమన్ల కాలం నాటి పట్టణం. పక్కనున్న కొండ పేలి, ఊరంతా బూడిద కింద పడిపోయింది. సూపర్వైజర్ డాన్ మా గార్డులందరినీ వరసలో నిలబెట్టి చెప్పాడు. ముట్టుకోవద్దు, ముట్టుకోనివ్వద్దు. అయిదేళ్ళుగా అదే చెబుతున్నాడు.

ఒక పెట్టెలోంచి మట్టి ముంత తీశారు. మూతి ఒక పక్క పగిలింది. దూరం నుంచి చూశాను. వేలు తడి చేసి రుద్దితే అసలు రంగు బయటపడుతుంది. నాగార్జునకొండ లోయలో తవ్వే రోజుల్లో మేం అలాగే చూసేవాళ్ళం.

జనవరి 19, మంగళవారం

నన్ను మూడో గదిలో వేశారు. అక్కడ వస్తువులు తక్కువ. గోడల నిండా ఆ పట్టణం ఫొటోలు, మనిషికన్నా ఎత్తుగా. రాళ్ళు పరిచిన వీధి. రాళ్ళ మీద బండి చక్రాలు అరగదీసిన గాడులు. వీధి ఈ పక్క నుంచి ఆ పక్కకి దాటడానికి మధ్యలో ఎత్తు రాళ్ళు. రొట్టెలు కాల్చి అమ్మిన కొట్టు. కప్పులు లేవు, గోడలు మటుకు ఉన్నాయి. ఫొటో ముందు నిలబడితే వీధిలో నిలబడినట్టే ఉంటుంది. ఎనిమిది గంటలు ఆ వీధిలోనే ఉన్నాను.

మధ్యాహ్నం అయ్యేసరికి అది మా వీధి అయిపోయింది. నాగార్జునకొండ లోయలో మేం తవ్విన విజయపురి కూడా ఇంచుమించు ఇంత పాతది. ఇటుక ఒక్కొక్కటి రెండు చేతులా ఎత్తాల్సినంత ఉండేది. నాలుగు పక్కలా మెట్లున్న ఆటస్థలం ఒకటి బయటపడింది. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆ మెట్ల మీదే సద్దిమూటలు విప్పేవాళ్ళం. రాజులు కూర్చున్న చోట కూర్చుని జొన్నన్నంలో గోంగూర కలుపుకుని వేళ్ళు నాకేవాళ్ళం.

తవ్వినంత కాలమూ ఒళ్ళు ఎర్రమట్టే. కృష్ణలో మునిగితే నీళ్ళు ఎర్రబడేవి.

జనవరి 20

మోకాలు నొప్పి.

జనవరి 24, ఆదివారం

మా అమ్మాయి రేణు లంచ్ సంచి అడుగున ఒక ఉత్తరం దొరికింది. నాలుగు మడతలు పెట్టి, దాని మీద అరటితొక్క. రాజేశ్వరి చదివి, నవ్వు ఆపుకుంటూ నా ముందు పెట్టింది. రేణు టీచరు మిసెస్ నోవాక్ రాసింది. ఫిబ్రవరి పద్ధెనిమిదిన ఏడో తరగతి పిల్లల్ని పాంపే ప్రదర్శనకి తీసుకొస్తున్నారట. రేణు తండ్రిగారు ఆ మ్యూజియంలోనే ఆర్కియాలజిస్టు అని తెలిసి చాలా సంతోషించారట. ఆయన పిల్లలతో పది నిమిషాలు మాట్లాడగలరా అని.

"ఎప్పుడయ్యారండీ ఆర్కియాలజిస్టు?" అంది రాజేశ్వరి. "కట్టుకున్నదానికి చెప్పనైనా లేదే."

రేణుని పిలిచాం. ఉత్తరం చూసి మొహం ఎర్రబడింది.

"నేను లై చెయ్యలేదు. నాన్న మ్యూజియంలో వర్క్ చేస్తాడు. ఇండియాలో ఏన్షెంట్ సిటీ డిగ్ చేశాడు. గోల్డ్ కాయిన్ దొరికింది, ఆఫీసర్ బుక్‌లో నాన్న నేమ్ రాశాడు. నాన్నే చెప్పాడు కదా. అది ఆర్కియాలజిస్టే కదా."

"మరి గార్డు అన్న ముక్క ఏమైందే?" అంది రాజేశ్వరి.

"అది వాళ్ళు అడగలేదు."

రాజేశ్వరి నవ్వింది. నేనూ నవ్వాను. రేణు నవ్వలేదు. దాని క్లాసులో కరెన్ వాళ్ళ నాన్న డెంటిస్టట. మెలిస్సా వాళ్ళ నాన్నకి కార్ల షోరూం ఉందట. కాసేపటికి నేను టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని, నా వైపు చూడకుండా అడిగింది.

"నాన్నా, ఆ రోజు నువ్వు ఆఫ్ తీసుకో. ప్లీజ్. టీచర్‌కి నువ్వు ట్రిప్ వెళ్ళావని చెప్తా."

సరేనన్నాను. పన్నెండేళ్ళ పిల్ల. నాకేం బాధ లేదు.

జనవరి 26

ప్రదర్శన అయిపోయేదాకా ఎవరికీ సెలవుల్లేవన్నాడు డాన్.

రేణుకి చెప్పలేదు.

ఫిబ్రవరి 3, బుధవారం

మంచు. జనం లేరు. గదిలో నేనూ, ఫొటోలూ.

రేణుకి చిన్నప్పుడు నిద్రపుచ్చుతూ కథలు చెప్పేవాణ్ణి. రాజేశ్వరి ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసే రోజులు. నాకు రాజులూ రాక్షసుల కథలు రావు. లోయ సంగతులే చెప్పేవాణ్ణి. కందకం ఎలా తీస్తారు, మట్టిలో రంగు మారితే ఎలా ఆగుతారు, మేస్త్రీ కోటయ్య చిన్న పారతో మట్టిని గీస్తుంటే అందులోంచి గోడ ఎలా లేచి వస్తుంది. అది కళ్ళు మూసుకునే, "అప్పుడు గోల్డ్ కాయిన్" అనేది. రోజూ ఆ కాయిన్ దగ్గరికి రావాల్సిందే.

నాకు పదిహేడేళ్ళు. కందకం మూలన గంపలోకి మట్టి ఎత్తుతుంటే మెరిసింది. పావలా అంత. ఒక పక్క రాజు మొహం, మనవాడు కాదు, ముక్కు నిటారుగా ఉంది. రోమన్లదన్నారు. ఇక్కడి పంటకీ బట్టకీ బదులు అక్కడి నుంచి ఓడల్లో వచ్చిందన్నారు. ఆఫీసరుగారు నా పేరు అడిగి పుస్తకంలో రాసుకున్నాడు.

అది నిజమే. పేరు పుస్తకంలో ఉంది.

ఆ ఏళ్ళలో అక్కడ పని చేసినవాళ్ళం ఎవరికీ అంత మంచి రోజులు మళ్ళీ రాలేదు. ఎండ ఉండేది, దాహం ఉండేది. అయినా పొద్దున్నే పరుగెత్తి వెళ్ళేవాళ్ళం, రాత్రికి రాత్రి గోడ ఇంకాస్త పైకి లేచి ఉంటుందేమో అన్నట్టు.

ఫిబ్రవరి 9

పద్ధెనిమిదో తారీకున ఒక్క రోజుకి నన్ను కోట్లు తీసుకునే కౌంటరుకి మార్చమని డాన్‌ని అడిగాను. మోకాలి నొప్పి అన్నాను. అక్కడ స్టూలుంటుంది. సరే అన్నాడు.

గదుల్లో లేకపోతే పిల్లలకి కనపడను. మోకాలికీ మంచిదే.

ఫిబ్రవరి 17

రేణుతో, "రేపు నేను ఆ గదిలో ఉండను, భయపడకు" అన్నాను. "థాంక్స్ నాన్నా" అని నా భుజానికి తల ఆనించింది. ఎన్నాళ్ళయిందో అలా ఆనించి.

ఫిబ్రవరి 18, గురువారం

నా బుద్ధి ఎక్కడ పెట్టుకున్నానో. ఫిబ్రవరి నెలలో స్కూలు పిల్లలు మ్యూజియంకి వస్తే ముందు ఎక్కడికి వస్తారు? కోట్లు ఇవ్వడానికే వస్తారు.

పదిన్నరకి బస్సు దిగారు. ముప్పై మందికి తక్కువ లేరు. కోట్లు, టోపీలు, చేతితొడుగులు, లంచ్ సంచులు, అన్నీ ఒక్కసారి కౌంటరు మీద పడ్డాయి. కోటు తీసుకోవడం, కొక్కేనికి తగిలించడం, ఇత్తడి నంబరు బిళ్ళ చేతికివ్వడం. తల ఎత్తకుండా చేస్తున్నాను. ఎర్ర కోటు వచ్చింది. జిప్పు ఇరుక్కుపోతే పొద్దున నేనే లాగి సరిచేసిన కోటు.

తల ఎత్తాను. రేణు నన్ను చూస్తోంది. మొహం పాలిపోయింది. వెనక ఇద్దరు స్నేహితురాళ్ళు.

నలభై ఒకటో నంబరు బిళ్ళ ఇచ్చాను.

"థాంక్యూ" అంది, మిగతా పిల్లల్లాగే.

"యూ ఆర్ వెల్కమ్" అన్నాను.

అంతటితో అయిపోయేది. మిసెస్ నోవాక్ అప్పుడే పక్కకి వచ్చింది. తెల్లజుట్టు మనిషి, మంచి మొహం. నా నీలం కోటూ భుజం మీది బ్యాడ్జీ చూసి, తర్వాత నన్ను చూసింది.

"మీరు ఇండియా నుంచా?" అంది.

"అవును మేడమ్."

"అయితే మీకు తెలిసే ఉంటుంది! మా రేణు వాళ్ళ నాన్నగారు ఇక్కడే ఆర్కియాలజిస్టు. రేణూ, ఇలా రా. ఈయనకి మీ నాన్న తెలుసేమో."

రేణు కదల్లేదు. బిళ్ళని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. నేను ఒక్క మాట చెబితే దాని పరువు పోతుంది. అది చెబుతుందేమోనని కొంచెంసేపు చూశాను. చెప్పలేదు.

"తెలుసు మేడమ్" అన్నాను. "చాలా మంచివాడు. ఇవాళ ఊళ్ళో లేడు."

"అయ్యో, అదే చెప్పింది రేణు. ఏ డిపార్ట్‌మెంటు ఆయనది?"

"కిందెక్కడో ఉంటాడు. మాకు పెద్దగా కనపడడు."

ఆవిడ నాకు థాంక్స్ చెప్పి పిల్లల్ని తోలుకుపోయింది. రెండు గంటల తర్వాత తిరిగొచ్చి కోట్లు పట్టుకెళ్ళారు. నలభై ఒకటో నంబరు బిళ్ళ వేరే పిల్ల తెచ్చింది. రేణు తలుపు దగ్గర అటు తిరిగి నిలబడింది.

నాకేం బాధ లేదు. నేను చాలా మంచివాణ్ణని ఆ టీచరుతో నేనే చెప్పుకున్నాను. రైల్లో అది తలుచుకుంటే నవ్వొచ్చింది. పక్క సీటు ఆయన నా వైపు చూసి పేపరు ఎత్తి పట్టుకున్నాడు.

ఫిబ్రవరి 19

రేణు రాత్రీ తినలేదు. పొద్దునా తినలేదు.

ఫిబ్రవరి 20, శనివారం

రాజేశ్వరికి తెలిసింది. రేణే చెప్పిందట, ఏడుస్తూ.

"మీరెందుకు అబద్ధమాడారు? దానికి తప్పు తెలియాలా వద్దా?"

"అందరి ముందా?"

"అందరి ముందే చెప్పిందిగా అది."

"సిగ్గుపడ్డది చిన్నపిల్ల. నేను తట్టుకోలేనా?"

రాజేశ్వరి నా మొహంలోకి చూసింది. ఆసుపత్రిలో రోగి నొప్పి లేదంటే అలాగే చూస్తుందనుకుంటాను. "మీరు తట్టుకోవడం లేదు. మీకూ సిగ్గే" అంది. "నేనూ ఇక్కడ బెడ్‌పాన్లు ఎత్తాను. ఎవరడిగినా చెప్పాను. కోట్లు అందుకుంటే ఏమైందిట?"

నాకు సిగ్గు లేదన్నాను. మోకాలి నొప్పని డాన్‌తో ఎందుకన్నారు అని అడిగింది.

ఫిబ్రవరి 21, ఆదివారం

పొద్దున రేణు కోటు వేసుకుని తయారై నిలబడింది. "నాన్నా, ఆ ఎగ్జిబిట్ నాకు చూపించు. ఆ రోజు నేను ఏమీ చూడలేదు."

నాకు సెలవు రోజు. స్వెట్టరు వేసుకుని మామూలు మనిషిలా వెళ్ళాను. రైలెక్కాం. ఒక స్టేషన్ దాటాక అడిగింది.

"వై డిడ్ యూ డూ దట్? నువ్వు చెప్తావని అనుకున్నా."

"నువ్వు చెప్తావేమోనని నేననుకున్నాను."

కిటికీ వైపు తిరిగింది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

మ్యూజియంలో తలుపు దగ్గర తోటి గార్డు, "ఏమిటి, సెలవు రోజు కూడా వదిలిపెట్టవా?" అన్నాడు. "మా అమ్మాయి" అన్నాను. రేణు వాడికి చెయ్యి ఊపింది.

ఫొటోల వీధిలో అటూ ఇటూ నడిచాం. రొట్టెల కొట్టు చూపించాను. బూడిదలో చనిపోయిన మనుషుల ఒళ్ళు కరిగిపోయి ఆ చోటు బోలుగా మిగిలితే, అందులో ప్లాస్టర్ పోసి తీసిన అచ్చు ఒకటి ఉంది. బోర్లా పడుకున్న ఆడమనిషి. రేణు దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. "మీ సిటీలో కూడా ఇలా ఉన్నారా?"

"లేరు. మా ఊరు ఇలా పోలేదు. జనం ముందే ఎటో వెళ్ళిపోయారు. మేం తవ్వి తీశాక డ్యామ్ కట్టారు. నీళ్ళొచ్చాయి."

"నీ ఇల్లు?"

"అది కూడా ఆ లోయలోనే. తలుపులూ దూలాలూ పీక్కుని బండ్ల మీద వేసుకుని వచ్చేశాం. పాత ఊరి రాళ్ళకి నంబర్లు వేసి కొన్ని కొండమీదికి తీసుకెళ్ళారు. మా ఇళ్ళకి ఎవరు వేస్తారు నంబర్లు? నీళ్ళు వచ్చేటప్పుడు కొండ ఎక్కి చూశాను. ముందు మేం తవ్విన కందకాలు నిండాయి. తర్వాత మా పొలాలు. తర్వాత మా వీధి. పెద్దగా చప్పుడేమీ లేదు."

"డిడ్ యూ క్రై?"

"లేదు. ఆ పూట దూడ తప్పిపోయింది. దాన్ని వెతుకుతున్నాను."

నాణేల అద్దంపెట్టె దగ్గరికి వచ్చాం. బంగారు కాసులు వరసగా పెట్టి ఉన్నాయి, నిటారు ముక్కు రాజులు. రేణు అద్దానికి మొహం ఆనించింది. నేనే అద్దం ముట్టుకోవద్దని చెప్పాలి. చెప్పలేదు.

"నీది ఇలాంటిదేనా నాన్నా?"

ఇలాంటిదేనన్నాను. అక్కడ ఆగిపోవచ్చు. ఇన్నేళ్ళూ అక్కడే ఆగాను.

"రేణూ, తవ్వేచోట ఒక పద్ధతి ఉంది. ఏదైనా దొరికితే కదిలించకూడదు. పార పక్కన పడేసి, దాని పక్కన కూర్చుని, చెయ్యి ఎత్తాలి. మేస్త్రీ వస్తాడు, మేకు కొడతాడు, ఆఫీసరు వచ్చి ఎంత లోతులో ఉందో, ఏ గోడకి ఎంత దూరంలో ఉందో కొలిచి రాసుకుంటాడు. అప్పుడే తియ్యాలి. మొదటి రోజే చెబుతారు అందరికీ. నాకు కాసు కనపడగానే ఒళ్ళు తెలియలేదు. తీసేశాను. ఉమ్ము పెట్టి చొక్కాకి తుడిచాను. చేత్తో పట్టుకుని ఆఫీసరు డేరా దాకా పరుగెత్తాను. ఆయన చూసి ముందు నవ్వాడు. తర్వాత ఎక్కడిదన్నాడు. వెనక్కి వచ్చి చూస్తే నా మూలన మట్టి మరో ఆరు గంపలు ఎత్తేశారు. ఎక్కడిదో నేను చెప్పలేకపోయాను."

"సో?"

"బంగారం మిగిలింది. అది ఎవరింట్లో పడింది, ఏ కాలంలో పడింది అన్నది పోయింది. ఆయనకి కావాల్సింది అదే. కోటయ్య మేస్త్రీ నన్ను కొట్టబోయాడు. ఆఫీసరు పేరడిగాడు. హాజరు పుస్తకం తెప్పించి, నా పేరు వెతికి, ఎర్రసిరాతో కొట్టేశాడు. పుస్తకంలో పేరు రాశాడన్నానే, అది ఆ రోజు కాదు. చేరిన రోజు."

రేణు అద్దం మీంచి మొహం తీసి నా వైపు తిరిగింది.

"దే ఫైర్డ్ యూ."

"ఆ."

"నువ్వు బాస్కెట్ మోసేవాడివి. డిగ్ కూడా కాదు."

"గంపలో ఎత్తడం కూడా తవ్వకమే. అయితే ఆర్కియాలజిస్టుని కాదు."

"యూ లైడ్ టు మీ. ఎవ్రీ నైట్."

"ఆ."

కోపంగా ముందు నడిచింది. వెనకాలే వెళ్ళాను. బయట తలుపు దగ్గర ఆగింది, నేను వచ్చేదాకా.

ఫిబ్రవరి 23

మాట్లాడుతోంది. ఉప్పు ఇవ్వు, టీవీ తగ్గించు. అంతవరకే.

మార్చి 1, సోమవారం

స్కూల్లో తల్లిదండ్రులు టీచర్‌ని కలిసే రోజు గురువారం సాయంత్రమట. ఏటా రాజేశ్వరే వెళుతుంది. నా ఇంగ్లీషు గురించి రేణుకి బెంగ. షాపుల్లో కూడా, "నాన్నా, తెలుగులో గట్టిగా మాట్లాడకు" అంటుంది. ఈసారి రాజేశ్వరికి ఈవినింగ్ డ్యూటీ. మార్చుకుంటానంది.

"వద్దు" అంది రేణు. "నాన్న వస్తాడు."

ఇద్దరం దాని వైపు చూశాం.

"టీచర్ నన్ను గుర్తుపడుతుంది" అన్నాను.

"ఐ నో."

"రైలు దిగేసరికి అయిదున్నర. కోటు మార్చుకోవడానికి ఇంటికి రాలేను."

"మార్చుకోవద్దు" అని ప్లేటు తీసుకుని లేచిపోయింది.

మార్చి 3

ఆ టీచరు ముందు ఎలా నిలబడాలో తెలియడం లేదు. అబద్ధమాడింది నేనే, ఆవిడతో. మోకాలు నొప్పి అని చెప్పి మానేద్దామా అనుకున్నాను. నిజంగానే నొప్పిగా ఉంది.

మార్చి 4, గురువారం

వెళ్ళాను.

స్కూలు నడవాలో కుర్చీలు వేశారు. తల్లులూ తండ్రులూ, మంచి కోట్లు, సెంటు వాసన. నేను భుజం మీద బ్యాడ్జీతో. వాళ్ళలో ఒకాయన నన్ను స్కూలు గార్డు అనుకుని బాత్‌రూం ఎటని అడిగాడు. రేణు లేచి తీసుకెళ్ళి చూపించి వచ్చి మళ్ళీ నా పక్కనే కూర్చుంది.

మా వంతు వచ్చింది. మిసెస్ నోవాక్ తల ఎత్తి నవ్వబోయి ఆగిపోయింది. నన్ను చూసింది, బ్యాడ్జీ చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నేను సారీ మేడమ్ అనడానికి నోరు తెరిచాను. రేణు నాకంటే ముందే మొదలుపెట్టింది. కుర్చీలో కూర్చోనైనా లేదు.

"దిస్ ఈజ్ మై డాడ్. ఆ రోజు కోట్లు తీసుకుంది ఆయనే. నేను మీకు అబద్ధం చెప్పాను. ఆయన ఆర్కియాలజిస్టు కాదు, గార్డు. ఇండియాలో నిజంగానే ఒక పాత సిటీలో పని చేశాడు, కానీ బాస్కెట్లో మట్టి మోశాడు. ఒక గోల్డ్ కాయిన్ దొరికితే రూల్ ప్రకారం ఉంచకుండా తీసి, దాని మీద ఉమ్మేసి, చొక్కాకి తుడిచాడు. అందుకని వాళ్ళు ఫైర్ చేశారు. ఆ రోజు నన్ను సేవ్ చెయ్యడానికి మీకు అబద్ధం చెప్పాడు. నేను చెప్పమనలేదు, కానీ ఆపలేదు."

ఒక్క ఊపిరిలో అంతా ఇంగ్లీషులో చెప్పేసింది. ఉమ్ము సంగతి చెప్పక్కర్లేదేమో అనిపించింది.

మిసెస్ నోవాక్ నవ్వలేదు. నవ్వు వచ్చిందని తెలుస్తూనే ఉంది, దాచుకుంది. కుర్చీ చూపించింది. కూర్చున్నాం. "ఆ సిటీ పేరేమిటి?" అని అడిగింది. నన్నే.

చెప్పాను. ఇంగ్లీషు రెండు మాటలకి ఆగిపోయింది. రేణు నా మోచెయ్యి తట్టింది.

"నాన్నా, తెలుగులో చెప్పు. నేను చెప్తా టీచర్‌కి."

నెమ్మదిగా అనలేదు. తలుపు తెరిచే ఉంది, నడవాలో కరెన్ వాళ్ళ అమ్మానాన్నా కూర్చుని ఉన్నారు.

నేను చెప్పాను, అది చెప్పింది. మెట్ల ఆటస్థలం, మెట్ల మీద సద్దిమూటలు. కృష్ణ ఒడ్డున స్నానాలు చేసే రాతి మెట్లు. కోటయ్య మేస్త్రీ కందకం అంచున నిలబడి వేసే కేకలు. మధ్యలో ఆగి, "నాన్నా, దూలం అంటే?" అని అడిగేది. చేతులతో చూపించేవాణ్ణి. టీచరు కూడా చేతులు చాపి, ఇంతా అని కొలిచింది. ఎక్కడెక్కడివో వచ్చాయి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పనివి కూడా. నీళ్ళు వచ్చిన రోజు సంగతి దగ్గర రేణు, "దూడ దొరికిందా?" అని అడిగింది. ఇది టీచర్ కోసం కాదు. దొరికిందన్నాను. అది కూడా ఇంగ్లీషులో చెప్పింది.

పది నిమిషాలు ఇచ్చారు మాకు. ఇరవై అయిదు అయ్యాక బయట ఎవరో దగ్గారు. లేచాం. టీచరు నా చెయ్యి పట్టుకుని ఊపింది.

రాజేశ్వరికి డ్యూటీ మధ్యలో కాఫీ టైము దొరికినట్టుంది, మేం ఇంటికి రాగానే ఫోను చేసింది.

"ఏమందండీ టీచరు? మార్కులు ఎలా ఉన్నాయంది?"

రేణు నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది, మార్కుల సంగతి మేం అడగలేదు.